పెరటి చెట్టు వైద్యము: జాక్ స్టీన్ చరిత్రము

పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదని మనవారు చెప్పుచుందురు. ఈ సామెతను పుట్టించినవారు చెట్టును నిందింపలేదు; తన పెరటిలో మొలచిన మూలికను తానే గుర్తింపలేని గృహస్థుని నిందించిరి. దూరదేశము నుండి వచ్చి, అధికమైన వెల చెల్లించి కొన్న ఔషధమునకే గుణముండునని తలచుట లోకస్వభావము. విద్యయందును, వర్తకమునందును కానవచ్చు నీ దౌర్బల్యము ఆటలయందును లేకపోలేదు. దీనికి సమాధానముగా చూపదగిన చరిత్రము స్కాట్లండు దేశీయుడగు జాక్ స్టీన్‌ది. అతడు బొగ్గుగనిలో పనిచేసినవాడు. ఫుట్‌బాల్ ఆటలో తన గోలునకు ముందు నిలిచి ఎదుటి పక్షము నడ్డగించు వెనుకవరుస ఆటగాడు. పిమ్మట క్లబ్బు మేనేజరు. ఒక్క నగరమునకు చుట్టుప్రక్కల 30 మైళ్లలో పుట్టిన పదునొకండుగురు యువకులతో 1967లో ఐరోపాఖండపు క్లబ్బుల కెల్ల తలమానికమైన కప్పును గెలిచి తెచ్చినవాడు. అతడు గతించి నలువది సంవత్సరములు దాటినది. అయినను ఆ జీవితమున మనము నేర్వదగినది నేటికిని మిగిలియున్నది.

స్టీన్ 1922 అక్టోబరు 5వ తేదీన లానార్క్‌షైరు మండలమున హామిల్టన్ పట్టణమును చేరియున్న బర్న్‌బ్యాంకు అను గనిపనివారి పల్లెలో జన్మించెను. తలిదండ్రులకు అతడొక్కడే కుమారుడు. ఆ ప్రాంతమంతయు బొగ్గుతో బ్రతికినది, బొగ్గువలననే చచ్చినది. ప్రక్కనున్న బ్లాంటైరు గనిలో 1877లో జరిగిన ప్రేలుడులో 207గురు మరణించిరి. అట్టి ఊళ్లలో మగపిల్లవానికి రెండే మార్గములు: భూగర్భమునకు దిగుట, లేక కాలితో బంతి తన్ని ఆ చీకటి నుండి తప్పించుకొనుట. స్టీన్ ఈ రెండు పనులును చేసెను. 1937లో బడి విడిచి, కొలదికాలము తివాచీల కర్మాగారమున పనిచేసి, పిదప గనిలో ప్రవేశించెను. రమారమి పదమూడు సంవత్సరములు అతని వారమంతయు నేలక్రిందనే గడచినది.

ఇచ్చట గ్లాస్గో నగరపు వైరమును గూర్చి కొంత చెప్పక తప్పదు. అది తెలియనిదే స్టీన్ చరిత్రము బోధపడదు. పందొమ్మిదవ శతాబ్దమున క్షామపీడితులైన ఐరిష్ కాథలిక్కులు వేలకొలది వచ్చి ఆ నగరమున స్థిరపడిరి. అచ్చటివారు బహుసంఖ్యాకులు ప్రొటెస్టెంట్లు. కూలివద్దను, ఇంటివద్దను, బడివద్దను ఈ రెండు వర్గములకును స్పర్ధ పెరిగినది. నగరపు తూర్పుభాగమునందలి బీదపిల్లలకు అన్నము పెట్టు ధర్మకార్యమునకై వాల్‌ఫ్రిడ్ అను ఐరిష్ మతగురువు 1887లో సెల్టిక్ క్లబ్బును స్థాపించెను. 1872లో పుట్టిన రేంజర్స్ క్లబ్బు క్రమముగా ప్రొటెస్టెంట్లకు పట్టుగొమ్మ యయ్యెను. రేంజర్స్‌వారు తెలిసి తెలిసి కాథలిక్కు ఆటగానిని చేర్చుకొనకుండుట ఇరువదవ శతాబ్దమున చిరకాలము సాగిన యాచారము. 1989లో గాని అది బహిరంగముగా తెగలేదు. సెల్టిక్‌వారు ఆటగాండ్ర విషయమున ఇట్టి నిషేధము పెట్టుకొనలేదు. కాని ఆ క్లబ్బును నడపు మేనేజరు పదవి మాత్రము కాథలిక్కులనే వరించుచుండెను. స్టీన్ కుటుంబము ప్రొటెస్టెంటు. అతని తండ్రి రేంజర్స్ అభిమాని.

గనిపని చేయుచునే స్టీన్ 1942లో కోట్‌బ్రిడ్జి పట్టణమునందలి ఆల్బియన్ రోవర్స్ అను చిన్న క్లబ్బులో చేరెను. యుద్ధకాలమున బొగ్గు త్రవ్వుట దేశమునకు అత్యవసరమైన పనిగా ఎంచబడినందున అతడు సైన్యమునకు పోలేదు. వారమంతయు గనిలోను, శనివారము మైదానములోను ఎనిమిది సంవత్సరములు గడపెను. అతని స్థానము సెంటర్ హాఫ్, అనగా గోలునకు ఎదురుగా నడుమ నిలుచు కావలివాని స్థానము. అతడు గొప్ప నేర్పరి యని ఎవ్వరును అనలేదు. పరుగు మందము, కుడికాలు బలహీనము. కాని గాలిలో వచ్చు బంతిని తలతో కొట్టుటలో గట్టివాడు. మోకాలితో బంతిని దూరముగా నెట్టుట అతని ప్రత్యేకవిద్య. తనకు రానిదేదో తెలిసినవాడగుటచే వచ్చిన విద్యను వ్యర్థపఱచుకొనలేదు. పైగా వెనుక నిలుచువానికి ముందు జరుగునదంతయు కనబడును. ఎవడు అలసినాడో, ఎవడు భయపడుచున్నాడో, ఏ మూల ఖాళీ యున్నదో వానికి తెలియును. స్టీన్ తన కాళ్లకంటె కన్నులను ఎక్కువగా పెంచుకొనెను.

ఆ చిన్న క్లబ్బు 1948లో పై తరగతికి ఎక్కి, మఱుసటి యేడే క్రిందికి జారెను. 1950లో స్టీన్ గనిని విడిచి, వేల్సు దేశమున లనెల్లీ అను పట్టణపు క్లబ్బులో పూర్తికాలపు ఆటగాడుగా చేరెను. అది పెద్ద లీగులలో చేరని క్లబ్బు. ఇంటికి దూరము; భార్యయు, చిన్న కుమార్తెయు ఆ పరదేశమున సుఖపడలేదు. హామిల్టన్‌లోని యిల్లు రెండుమారులు దొంగల పాలయ్యెను. స్వదేశమునకు పోయి మరల గనిలో దిగుదమా యని అతడు ఆలోచించుచుండెను. అప్పటికి వయస్సు ఇరువదితొమ్మిది. వెనుకవరుస ఆటగానికి ఆ వయస్సున పేరు రానిచో ఇక రాదనియే లోకము నిశ్చయించును.

అట్టి సమయమున, 1951 డిసెంబరులో, సెల్టిక్ క్లబ్బువారు 1,200 పౌనులిచ్చి అతనిని పిలిపించిరి. జిమ్మీ గ్రిబ్బెన్ అను నొక శిక్షకుడు అతనిని జ్ఞాపకము చేసికొని పేరు సూచించినందున ఆ పిలుపు వచ్చినది. పిలిచినవారి యుద్దేశము స్వల్పము: రెండవ జట్టులో నుండి పడుచువారికి నడవడి నేర్పునని మాత్రమే. కాని మొదటి జట్టు వారు ఒకరి వెనుక ఒకరు దెబ్బలు తగిలి పడిపోవుటచే స్టీన్ ముందునకు రావలసివచ్చెను; వచ్చినవాడు మరల వెనుకకు పోలేదు. స్వగ్రామమున రేంజర్స్ అభిమానులైన పాతమిత్రులు కొందఱు అతడు సెల్టిక్ చొక్కా తొడిగినది మొదలు మాటలాడుట మానిరి. చిన్ననాటి నుండి కలసి పెరిగినవారు వీధిలో మొగము త్రిప్పుకొని పోవుట ఎంతటి నొప్పియో అనుభవించినవారికే యెఱుక. అతడు దానిని భరించెను గాని, తిరిగి ద్వేషింపలేదు.

అనతికాలములోనే అతడు జట్టునకు కెప్టెన్ అయ్యెను. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకము నిమిత్తము ఇంగ్లండు క్లబ్బులు నాలుగును, స్కాట్లండు క్లబ్బులు నాలుగును పోటీపడెను. అంతకుముందు లీగులో చాల వెనుకబడియున్న సెల్టిక్ జట్టు ఆర్సెనల్‌ను, మాంచెస్టర్ యునైటెడ్‌ను, తుదకు హిబర్నియన్‌ను ఓడించి ఆ కప్పును గెలిచెను. 1954లో లీగు పందెమును, స్కాటిష్ కప్పును ఒక్క సంవత్సరముననే సాధించిరి. లీగు గెలుపు 1938 తరువాత అదే మొదటిది. రెండును కలసి వచ్చుట 1914 తరువాత అదే మొదటిది. ఇంత చేసినను స్టీన్‌కు స్కాట్లండు జాతీయజట్టులో ఆడు భాగ్యము ఒక్కమారైనను కలుగలేదు.

ఆ వేసవిలో క్లబ్బు అధ్యక్షుడగు రాబర్ట్ కెల్లీ తన ఆటగాండ్రను ప్రపంచకప్పు చూచుటకై స్విట్జర్లండునకు తీసికొనిపోయెను. అచ్చట స్కాట్లండు జట్టు ఉరుగ్వే చేతిలో ఏడు గోలులు తిని, ఒక్కటియు ఇయ్యలేక ఓడిపోయెను. సంసిద్ధత లేదు, వ్యూహము లేదు. మఱియొకవంక హంగరీవారు ఒకరి స్థానమును ఒకరు మార్చుకొనుచు, బంతిని కొలిచినట్లుగా అందించుకొనుచు ఆడుచుండిరి. ఇతరులకు ఆ యాత్ర వినోదము, స్టీన్‌కు పాఠశాల. మరుసటి యేడు, 1955 ఆగస్టులో, రేంజర్స్‌తో జరిగిన ఆటలో అతని చీలమండ దెబ్బతినెను. అది మరల సరిపడలేదు. జీవితాంతము కొంచెము కుంటుచునే నడచెను. 1957లో ఆట విరమించెను. మైదానపు ద్వారము మూసికొనిపోగా, ప్రక్కద్వారమొకటి తెఱచుకొనెను. సెల్టిక్‌వారు అతనిని రెండవ జట్టునకు శిక్షకునిగా నియమించిరి.

అప్పటి శిక్షణ యనగా మైదానము చుట్టును పరుగెత్తించుట. వారమంతయు బంతిని దాచిపెట్టినచో శనివారము ఆటగాండ్రకు దానియందు ఆకలి పుట్టునని ఒక వింతనమ్మకము. ఆకలిగొన్నవానికి వంట రాదుగదా! స్టీన్ బంతిని బయటికి తీసి శిష్యుల కిచ్చెను. పదునేడు, పదునెనిమిదేండ్ల కుఱ్ఱలు బిల్లీ మెక్నీల్ మొదలగువారు అతని యొద్ద అక్షరాభ్యాసము చేసిరి. కాని సెల్టిక్‌లో ఒక ప్రొటెస్టెంటు ఎంతవఱకు ఎక్కగలడో ఆ మెట్టు దగ్గఱకు వచ్చెను. ఆ క్లబ్బు అంతవఱకు ఎఱిగిన మేనేజర్లందఱును కాథలిక్కులే. పై మెట్టు ఎక్కవలెననిన వేఱొక యిల్లు వెదకికొనక తప్పదని గ్రహించి, 1960 మార్చిలో డన్‌ఫర్మ్లిన్ క్లబ్బునకు మేనేజరుగా వెడలెను.

ఫైఫ్ మండలమునందలి ఆ చిన్న క్లబ్బు అప్పుడు లీగునుండి క్రిందికి జారిపోవు స్థితిలో నుండెను. మిగిలినవి ఆఱు ఆటలు. మొదటి ఆటయే సెల్టిక్‌తో. ఆఱింటికి ఆఱును గెలిచి స్టీన్ ఆ క్లబ్బును నిలిపెను. మరుసటి యేడు స్కాటిష్ కప్పు తుదిపోటీకి వారిని చేర్చెను. ఎదుట నిలిచినది మరల సెల్టిక్! మొదటి ఆటలో ఎవ్వరును గోలు చేయలేదు. రెండవమారు ఆడినపుడు డన్‌ఫర్మ్లిన్ రెండు గోలులతో గెలిచెను. తాను నేర్పిన పిల్లల చేతులనుండియే స్టీన్ కప్పును తీసికొనెను. పెరటి చెట్టు విలువ పెరటివారికి తెలియుటకు అది పొరుగింట ఫలింపవలసివచ్చినది. 1963లో అతడు ఇటలీకి పోయి, మిలాను నగరమున ఇంటర్ క్లబ్బును నడపుచున్న హెలెనియో హెరేరా పద్ధతులను దగ్గఱనుండి పరిశీలించెను. హెరేరా మార్గము రక్షణమార్గము: ఒక్క గోలు చేసి, పిమ్మట కోటతలుపులు మూసికొనుట. స్టీన్ ఆ కోటను చూచివచ్చెను, దానిని మెచ్చుకొనెను, కాని అట్టిదానిని తాను కట్టదలచుకొనలేదు.

1964లో అతడు ఎడింబరోలోని హిబర్నియన్ క్లబ్బునకు మారెను. సెల్టిక్ స్థితి అప్పటికి దైన్యముగా నుండెను. 1957 తరువాత పెద్దకప్పు ఏదియు లేదు. జట్టును ఏర్పఱచుటలో అధ్యక్షుని మాటయే తుదిమాట. ఎట్టకేలకు కెల్లీ స్టీన్‌కు కబురు పంపెను. మొదట మఱియొకనితో కలసి సగమధికారము తీసికొమ్మని సూచించినట్లు చెప్పుదురు. స్టీన్ అందులకు సమ్మతింపలేదు. ఆటగాండ్రను ఎంచుటయు, ఆటను నడపుటయు తన వశమున నుండవలెనని కోరెను. అధికారమును విడువ నలవాటులేని కెల్లీ ఆ కోరికను అంగీకరించెను. ఈ గౌరవము కెల్లీకి కూడ చెందవలసినదే. 1965 మార్చిలో స్టీన్ సెల్టిక్ మేనేజరయ్యెను. ఆ క్లబ్బు చరిత్రమున అతడు నాలుగవ మేనేజరు, ప్రొటెస్టెంట్లలో మొదటివాడు. ఏడు వారములలో స్కాటిష్ కప్పు సెల్టిక్‌వారి చేతికి వచ్చెను. అంతకుముందు దానిని వారు గెలిచినది 1954లో, స్టీన్ కెప్టెన్‌గా నుండగా.

అతడేమి మంత్రము వేసెనని అందఱును అడిగిరి. మంత్రమేమియు లేదు. స్థానమెఱిగి మనుష్యుని నిలిపెను. ముందువరుసలో తడబడుచున్న బాబీ మర్డాక్‌ను కొంచెము వెనుకకు తెచ్చి, ఆటకంతకును సూత్రధారుని చేసెను. వెనుకవరుసలో ఇరుప్రక్కల నుండువారు నడిమిగీత దాటరాదను పాతకట్టడిని తీసివేసి, వీలు చిక్కినపుడు ముందునకు దూకుడని పంపెను. ఇది విచిత్రము. తన జీవితమంతయు గోలులను ఆపుటకే వెచ్చించినవాడు, మేనేజరైన పిమ్మట గోలులు చేయుటయే ధర్మమని బోధించెను. ఆలోచించి చూచిన ఇందులో విరోధము లేదు. దాడిలో ఏది తన్ను భయపెట్టినదో కావలివానికి తెలిసినట్లు దండెత్తువానికి సైతము తెలియదు. వెనుకనుండి అకస్మాత్తుగా వచ్చి కలియువానిని ఎవరు పట్టవలెనో తోపక తాను కలతచెందిన ఘడియలు స్టీన్‌కు జ్ఞాపకముండెను. ఆ కలతనే ఇతరులకు కల్పించెను.

1966లో లీగు గెలిచిరి. 1967లో తాము దిగిన ప్రతి పందెమును గెలిచిరి: లీగు, స్కాటిష్ కప్పు, లీగు కప్పు, గ్లాస్గో కప్పు, వీనిపై యూరోపియన్ కప్పు. ఆ చివరిదాని తుదిపోటీ మే 25వ తేదీన పోర్చుగల్ దేశమున లిస్బన్ నగరము నందలి జాతీయ మైదానమున జరిగెను. ఎదుటిపక్షము హెరేరా నడపు ఇంటర్ మిలాన్. 1964లోను, 1965లోను ఆ కప్పును గెలిచిన జట్టది, ధనమునకు కొఱతలేదు, దేశదేశముల నుండి ఆటగాండ్రను తెప్పించుకొనగల శక్తి కలది. సెల్టిక్ పక్షమున నిలిచినవారిలో గోలుకీపరు రానీ సింప్సన్ ముప్పదియాఱేండ్లవాడు. హిబర్నియన్‌లో నుండగా స్టీన్ స్వయముగా పనికిరాడని పంపివేసినవాడు. ఆ పదునొకండుగురిలో స్టీన్ మేనేజరుగా ధనమిచ్చి తెచ్చినవాడు విల్లీ వాలెస్ ఒక్కడే. తక్కినవారు అతడు వచ్చునప్పటికే సెల్టిక్‌లో నుండినవారు; ఏండ్ల తరబడి ఏమియు గెలువజాలరని తమవారే నిట్టూర్చిన పిల్లలు. పదునొకండుగురును గ్లాస్గోకు 30 మైళ్లలో పుట్టినవారే.

ఏడవ నిమిషమున జిమ్ క్రెయిగ్ చేసిన తప్పిదమునకు ఇటలీవారికి పెనాల్టీ లభించెను; మజ్జోలా దానిని గోలుగా మార్చెను. హెరేరా కోటతలుపులు మూసికొనెను. అటుపైని ఒక గంటసేపు సెల్టిక్‌వారు అలలవలె పోయి ఆ గోడను తాకుచునే యుండిరి. బంతి గోలుకొయ్యను తాకి వెనుకకు వచ్చెను. ఇంటర్ గోలుకీపరు సార్తి ఒక్కడే పదిమందివలె అడ్డుపడెను. 63వ నిమిషమున ఆ తప్పిదము చేసిన క్రెయిగే కుడిప్రక్కనుండి చొచ్చుకొనిపోయి బంతిని అడ్డముగా అందింపగా, ఎడమప్రక్క కావలివాడగు టామీ జెమ్మెల్ పరుగున వచ్చి దూరమునుండియే గోలునకు కొట్టెను. గోలు నిచ్చినవాడును, చేసినవాడును ఇరువురును వెనుకవరుస ఆటగాండ్రే. 84వ నిమిషమున మర్డాక్ కొట్టిన బంతిని స్టీవీ చామర్స్ దారిత్రిప్పి రెండవ గోలు చేసెను. బ్రిటన్ క్లబ్బులలో ఆ కప్పును మొదట గెలిచినది సెల్టిక్. కప్పు నందుకొనిన కెప్టెన్, స్టీన్ యొద్ద ఓనమాలు దిద్దిన ఆ బిల్లీ మెక్నీలే. ఇంట గెలిచి రచ్చ గెలువుమను మాటకు ఇంతకంటె దృష్టాంతము వెదకనక్కఱలేదు.

1966 మొదలు 1974 వఱకు వరుసగా తొమ్మిదిమారులు లీగు సెల్టిక్‌దే. 1970లో ఇంగ్లండు విజేతలగు లీడ్స్‌వారితో గ్లాస్గోలో ఆడిన ఆటకు 1,36,505మంది ప్రేక్షకులు వచ్చిరి, సెల్టిక్ గెలిచెను. ఆ వెంటనే మిలానులో జరిగిన తుదిపోటీలో హాలండుకు చెందిన ఫేయనూర్డ్ చేతిలో ఓడెను. ఈ ఓటమిలో స్టీన్ తప్పు లేదనరాదు. ఎదుటివారి బలమును తక్కువగా అంచనా వేసెను; లిస్బన్‌లో ఇంటర్ చేసిన పొరపాటునే మిలానులో సెల్టిక్ చేసెను. శిష్యులయెడ అతడు కఠినుడు. భయమును కూడ సాధనముగా వాడుకొనినవాడు. చిన్ననాటినుండి తీర్చిన ప్రతిభావంతులు కొందఱు మంచి జీతములకై ఇంగ్లండునకు పోవుచుండగా, క్లబ్బు వారిని నిలుపుకొనలేకపోయెను. మహాపురుషుల చరిత్రమున లోపములను కప్పిపుచ్చుట వారికి గౌరవము కాదు.

కప్పులకంటె మిన్నయని మేము తలచునది వేఱొకటి కలదు. ద్వేషముతో రెండుగా చీలిన ఆ నగరమున అతడు ఆటగానిని ఎంచునపుడు మతమును చూడలేదు. ఇరువురు సమానులు దొరకినపుడు ప్రొటెస్టెంటునే ముందు తీసికొందునని హాస్యముగా చెప్పెడివాడు. రెండవవానిని రేంజర్స్ ఎటులును తీసికొనదు గావున వాడెచ్చటికిని పోడని దాని భావము. నవ్వులో నిష్ఠురమైన సత్యమున్నది: ద్వారము మూసికొనినవాడు పొరుగువానిని దండింపలేదు, తన్ను తానే బీదవాని చేసికొనెను. రేంజర్స్ అభిమానముతో పెరిగిన కెన్నీ డాల్గ్లిష్ అను ప్రొటెస్టెంటు బాలుని 1967లో సెల్టిక్‌వారే చేర్చుకొనిరి. స్కాట్లండు చూచిన ఆటగాండ్రలో అతడు అగ్రగణ్యుడయ్యెను. 1971 జనవరి 2వ తేదీన రేంజర్స్ మైదానమగు ఐబ్రాక్స్‌లో ఆ రెండు జట్ల ఆట ముగియుచుండగా మెట్లపై త్రొక్కిసలాట జరిగి 66మంది ప్రాణములు కోల్పోయిరి. చనిపోయినవారు ఎదుటిపక్షపు అభిమానులు. స్టీన్ గాయపడినవారికి తోడ్పడుచు మైదానమున తిరిగెను. 1972లో స్టిర్లింగు పట్టణమున తన పక్షపు అభిమానులే పరమతద్వేషము రేపు పాటలు పాడుచుండగా, ఒంటరిగా ఆ గుంపులోనికి పోయి వారిని మందలించెను. ఎదుటివారి దోషమును ఎత్తిచూపుట తేలిక. తన జయమునకు చప్పట్లు కొట్టు చేతులనే పట్టుకొని, ఇది తగదని చెప్పుటకు గనిలో అలవడిన ధైర్యము కావలెను. నేలక్రింద పైకప్పు కూలుచున్నప్పుడు ప్రక్కవాని మతమేమని ఎవడును అడుగడు. ఆ పాఠమును అతడు నేలపైకి వచ్చిన పిమ్మట మఱచిపోలేదు.

1975 వేసవిలో సెలవులు గడపి తిరిగివచ్చుచుండగా, ఎదురుదారిలో తప్పుగా వచ్చిన కారు ఢీకొని స్టీన్ మరణమువఱకు పోయి బ్రతికెను. ఒక సంవత్సరము పనికి దూరమయ్యెను. తిరిగివచ్చి 1977లో లీగును, స్కాటిష్ కప్పును మరల గెలిచెను. అదే యేడు డాల్గ్లిష్ లివర్పూల్‌నకు వెడలిపోయెను, జట్టు పడిపోయెను. 1978లో స్టీన్ తొలగి, తన శిష్యుడగు మెక్నీల్‌కు చోటిచ్చెను. క్లబ్బువారు అతనికి పాలకమండలిలో స్థానమీయజూపిరి గాని, అప్పగింపదలచిన పని నిధులు పోగుచేయుట. పది లీగులు, ఎనిమిది స్కాటిష్ కప్పులు, ఆఱు లీగు కప్పులు, ఒక యూరోపియన్ కప్పు తెచ్చినవానికి చీట్ల లెక్కలు చూచు కొలువు! వృద్ధవృషభమును పొలము దున్నినన్నాళ్లు పూజించి, పిమ్మట గానుగకు కట్టు రైతును మనవారు మెచ్చరు. స్టీన్ లీడ్స్ క్లబ్బునకు పోయి, అచ్చట 44 దినములు మాత్రముండి, స్కాట్లండు జాతీయజట్టు మేనేజరుగా స్వదేశమునకు వచ్చెను.

ఆటగాడుగా తన్నొక్కమారైనను పిలువని జాతీయజట్టును అతడు ఏడేండ్లు నడపెను. 1982లో స్పెయినులో జరిగిన ప్రపంచకప్పునకు దానిని చేర్చెను. గోలుల తారతమ్యము చేత మాత్రమే అది మొదటిఘట్టమున వెనుదిరిగెను. 1985 సెప్టెంబరు 10వ తేదీన కార్డిఫ్ నగరమున వేల్సుతో ఆట. ప్రపంచకప్పు ఆశ నిలుపుకొనుటకు స్కాట్లండునకు ఓటమి తప్పిన చాలును. స్టీన్‌కు గుండెజబ్బు అంతకుముందే కలదు. ఆనాడు అతని మొగమున కళ లేకుండుట దగ్గఱివారు గమనించిరి. వేల్సు ముందుగా గోలు చేసెను. ఇక పది నిమిషములు లోపుగా మిగిలియుండగా డేవీ కూపర్ పెనాల్టీని గోలు చేసి స్కోరు సమము చేసెను. కావలసినది దక్కెను. ఆట ముగియు తరుణమున స్టీన్ మైదానపు అంచున కుప్పకూలెను. లోపలి వైద్యుని గదిలో ప్రాణము విడిచెను. వయస్సు 62 సంవత్సరములు. అతనికి సహాయకుడుగా నుండిన ఆలెక్స్ ఫెర్గూసన్, దుఃఖమును దిగమ్రింగి, ఆ జట్టును 1986 ప్రపంచకప్పునకు చేర్చెను. మైదానమునుండి వెడలివచ్చిన స్కాట్లండు అభిమానులు ఆ రాత్రి ఆ ఫలితమును పండుగ చేసికొనలేదు. స్టీన్‌తో మాటలాడుట మానిన ఊరివారును, అతని పేరు జపించిన ఊరివారును ఆనాడు ఒక్కటియే దుఃఖము పొందిరి.

నేడు గ్లాస్గోలో సెల్టిక్ మైదానము ముంగిట అతని కంచువిగ్రహము చేతిలో ఆ కప్పుతో నిలిచియున్నది. విగ్రహము పెట్టుట సులభము. విగ్రహమైనవాని పద్ధతి నవలంబించుట కష్టము. ఐరోపాలో ఫుట్‌బాల్ నేడు గొప్ప వర్తకమైనది. ఒక్క ఆటగానికై కోట్లకొలది ధనము చేతులు మారుచున్నది. ఒకే నగరపు పొలిమేరలలో పుట్టిన పదునొకండుగురు ఆ కప్పును గెలుతురని నేడెవ్వరును ఊహింపరు. కాలము మారినదని సమాధానపడవచ్చును. కాని స్టీన్‌నాడు సైతము ఎవ్వరును ఊహింపలేదని మఱువరాదు.

అతడు క్రొత్త పిల్లలను సృజింపలేదు. ఉన్న పిల్లలనే చూచెను. చూచుటకు రెండు కన్నులు చాలవు, పక్షపాతములేని బుద్ధి కావలెను. పుట్టుక వలన స్టీన్‌ను దూరముగా నుంచిన గృహమే తుదకు అతని చేతిలో వెలిగినది. పనికిరారని తలచిన యువకులే అతని చేతిలో విజేతలైరి. మన యూళ్లలోను, మన బడులలోను, మన సంఘములలోను ఏ మొక్కను పుట్టిన స్థలమును బట్టి కలుపుగా నెంచి పీకివేయుచున్నామో, కత్తి యెత్తుటకు ముందు ఒక్కమారు నిలిచి ఆకు త్రుంచి చూతము గాక.